దానమ్మ రాయమన్న మూడు వరసలు

ఒక చొక్కా వీపు మీద నేను రాసిన రెండు వరసలు ఎనిమిదేళ్ళుగా నన్ను వదల్లేదు. నీలం రంగుతో రాశాను. నా చేత్తోనే రాశాను. కానీ నన్ను రాయమన్నది అవి కావు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాయమన్న మనిషి పోయిన నెల చనిపోయింది. ఆమెకి చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు దొరికాయి. చెప్పలేదు. అందుకని మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అది కొంత సులువు.

నా పేరు వద్దు. భావనపాడుకి కాస్త అవతల, సముద్రం ఒడ్డు ఊళ్ళో బడిపంతులమ్మని. మూడో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని. నా భర్త జబ్బు చేసి ఆసుపత్రిలో పోయారు. నా చెయ్యి పట్టుకునే పోయారు. తరవాత కూడా ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. సాయంత్రాలు పుస్తకాలు చదువుకుంటాను. భర్త ఎలా పోయారన్నదీ, పుస్తకాలు చదువుతానన్నదీ గొప్ప కోసం చెప్పడం లేదు. చేసిన తప్పుకి ఆ రెండింటితోనూ సంబంధం ఉందని ఆలస్యంగా తెలిసింది.

దానమ్మ మా ఇంటికి చేపలు తెచ్చేది. ఆమె పెనిమిటి ఎర్రయ్య. మా ఊరి మగవాళ్ళు చాలామంది ఏడాదిలో ఆరేడు నెలలు గుజరాత్ వెళ్ళి అక్కడి పెద్ద పడవల మీద పనిచేస్తారు. వాళ్ళని కూడగట్టి తీసుకెళ్ళేది సూరిబాబు. ఊరికి పెద్దమనిషి, అందరికీ అవసరమైనవాడు. ఒక ఏడు అతని వెంట ఒకే పడవ మీదకి ఏడుగురు వెళ్ళారు. ఆరుగురు తిరిగొచ్చారు. ఎర్రయ్య పడవ ఎక్కకముందే రేవు దగ్గర్నుంచి ఎటో వెళ్ళిపోయాడని సూరిబాబు చెప్పాడు. మిగతా వాళ్ళూ అదే చెప్పారు. ఒకే మాట, ఒకే వరసలో చెప్పారు. దానమ్మకి అక్కడే అనుమానం వచ్చింది.

ఏడాదిన్నర గడిచింది. ఆమెకి ఏ పేరూ లేదు. విధవ కాదు, మొగుడున్నది కాదు. పేరంటానికి పిలవాలా వద్దా అని ఆడవాళ్ళు తటపటాయించేవారు. కర్మ చేసెయ్యమని కులపెద్దలు రెండుసార్లు చెప్పారు. శవం చూపించండి చేస్తానంది. గాజులు తియ్యలేదు. చేపలమ్మడానికి ఎండలో తిరిగే ఆడవాళ్ళు మా వైపు చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుంటారు. దానమ్మ ఎర్రయ్య తెల్లచొక్కా వేసుకునేది. అంతకు ముందూ వేసుకునేది. అతను కనిపించకుండా పోయాక అది తప్ప ఇంకోటి వేసుకోలేదు.

ఆ ఏడు చలికాలంలో మా ఒడ్డున బీచి పండగ పెట్టారు. గాలిపటాలు, ఇసుక బొమ్మలు, తినుబండారాల కొట్లు, పిల్లల డ్యాన్సులు. ఊళ్ళ నుంచి కుటుంబాలతో వస్తారని కమిటీ వాళ్ళు ముందే మీటింగు పెట్టి చెప్పారు. చిన్నపిల్లలొస్తారు, ఆడవాళ్ళొస్తారు, పైనుంచి పెద్దవాళ్ళొస్తారు, కాబట్టి నినాదాలు వద్దు, రాతలున్న గుడ్డలు వద్దు, నల్లబట్టలు అసలే వద్దు. నాకు రెండు పనులు అప్పగించారు. పిల్లల డ్యాన్సు ఒకటి. శుభ్రత గురించి అట్టల మీద నాలుగు మంచి మాటలు రాయడం ఇంకోటి. నేను ఒకటే మాట తయారుచేసి పదిహేను అట్టల మీద రాశాను. తీరం మనది. శుభ్రంగా ఉంచుకుందాం. కమిటీకి నచ్చింది. సూరిబాబు ఆ కమిటీలో పెద్ద. టెంట్లు, పిల్లలకి పులిహోర పొట్లాలు అతనివే.

పండగ రోజు పొద్దున్న దానమ్మ బడి అరుగు మీదకి వచ్చింది. చేతిలో చొక్కా, పడవలకి పేర్లు రాసే నీలం రంగు డబ్బా, ఒక కుంచె. తట్ట పక్కన పెట్టి కూర్చుంది.

"పంతులమ్మా, దీని ఎనకాల మూడు వరసలు రాయాల. నీ రాత బాగుంటాది."

ఏం రాయాలని అడిగాను. ముందే తయారుచేసుకున్నట్టుంది. తడుముకోకుండా చెప్పింది.

"ఏడుగురెల్లారు. ఆరుగురొచ్చారు. నా మనిషేడి సూరిబాబూ. అంతే. ఇంకేటీ వద్దు."

"ఎవరితోనైనా చెప్పి అడిగించకూడదూ?"

"అడిగినాను గదా. అడిగితే అరుస్తన్నానంటారు. రాస్తే అరవనట్టే గదా."

"వీపు మీదెందుకు?"

"ముందు రాస్తే నా మొగం సూస్తారు. అయ్యో పాపమంటారు, ఎల్లిపోతారు. ఎనక రాస్తే నాను దాటిపోయాక సదూతారు. అప్పుడు మొగం నేదు, మాటే ఉంటాది."

ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. అక్షరం రాని మనిషి చదవడం గురించి ఇంత ఆలోచించింది. నేను అన్ని పుస్తకాలు చదివి ఎప్పుడూ ఆలోచించలేదు.

గౌరి చేత రాయించకపోయావా అన్నాను. గౌరి ఆమె కూతురు. అప్పటికి పన్నెండేళ్ళది. కొత్తవలసలో పిన్ని దగ్గరుండి చదువుతోంది.

"పిల్ల సేత రాయిస్తానేటి ఈ మాట?" అంది. కొంచెం కోపంగానే అంది.

చొక్కా పాడైపోతుంది దానమ్మా, ఆ రంగు పోదు, అన్నాను.

"పాడైపోనీ. ఆడొచ్చి తిడితే ఇంకేటి కావాల నాకు?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

చొక్కాని అరుగు మీద పరిచాను. ముడతలు సాపు చేశాను. కుంచె ముంచాను. అప్పటికి నా మనసులో ఏముంది? ఇది నేను చాలాసార్లు వెనక్కి వెళ్ళి చూశాను. నిజంగా తెలుసుకోవాలని చూశాను. కుంచె ముంచేటప్పటికి ఆమె చెప్పిందే రాయాలని ఉంది. గుడ్డ మీద కుంచె ఆనించేటప్పటికి లేదు. మధ్యలో ఎంతసేపు? ఒక నిమిషం కూడా కాదు. నేను తీరం మనది అని మొదలుపెట్టాను. చెయ్యి ఆగలేదు. పదిహేను అట్టల మీద రాసిన మాట కదా, దానంతటదే వచ్చింది.

దానమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. రంగు ఆరుతుంటే ముందుకు వంగి అడిగింది.

"ఇందులో సూరిబాబు పేరేది?"

నేను కుంచె కొనతో రెండో వరసలో శుభ్రంగా అన్న మాట చూపించాను.

"ఆడి పేరుకి ఇంత అందమేటి," అంది.

ఇంతవరకూ చెప్పాక ఒక క్షణం ఆగుతాను. మార్చి రాయడం ఒక తప్పు. దానికి కారణాలు వెతకొచ్చు. కానీ అడిగినప్పుడు కుంచెతో చూపించాను. దానికి కారణం వెతకడానికి కూడా నాకు మొహం చెల్లదు.

ఆమె చొక్కా చీర మీద తొడుక్కుంది. జుట్టు ముడి ఎత్తి కట్టుకుంది, రాత కనిపించాలని. తట్ట నెత్తిన పెట్టుకుని పండగ వైపు నడిచింది. వెనకనుంచి చూశాను. అక్షరాలు చాలా పొందిగ్గా వచ్చాయి.

మా మూడో తరగతి పిల్లలు అప్పుడప్పుడే చదవడం నేర్చినవాళ్ళు. అలాంటి పిల్లలు కనిపించిందల్లా పైకి చదువుతారు. బస్సు మీద ఊరి పేరు, సబ్బు కాగితం, గోడ మీద ఎన్నికల రాత, ఏదీ వదలరు. ఒకడు మొదలుపెడితే ముప్పైమందీ అందుకుంటారు. దానమ్మ వాళ్ళ ముందునుంచి నడిస్తే ఆమె వీపు మీదది గొంతెత్తి చదువుతారు. ఆమెకి వినిపిస్తుంది. అందుకని నేను ముందే వెళ్ళి పిల్లల్ని స్టేజి వెనక తడికల్లో కూర్చోబెట్టాను. ఎండగా ఉంది, దాహం, బయటికి వదలమని గోల చేశారు. దానమ్మ మైదానం దాటి వెళ్ళేదాకా వదల్లేదు. ఇది కూడా నేనే చేశాను.

తడిక సందులోంచి చూశాను. మైకులో పాటలు హోరెత్తుతున్నాయి, పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. గేటు దగ్గర ఇద్దరు కాపలా ఉన్నారు. నల్లచొక్కా వేసుకున్న ఒకతన్ని ఆపి విప్పించారు. అతను పెళ్ళాంతో, చంటిబిడ్డతో బనీను మీద లోపలికొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. అతని వెనకే వచ్చిన కుర్రాడి టీషర్టు మీద ఇంగ్లీషులో పచ్చి బూతు ఉంది. నాకు తెలుసు, నేను చదవగలను. అతన్ని ఎవరూ ఆపలేదు. పిల్లలున్న చోటికి ఏది రాకూడదో ఆ గేటు దగ్గర ఎవరు నిర్ణయిస్తున్నారు, దేన్ని బట్టి నిర్ణయిస్తున్నారు? బూతు వెళ్ళిపోయింది. నలుపు ఆగిపోయింది. దానమ్మ వచ్చింది. కాపలావాళ్ళు ఆమె వీపు చదివి, తట్టతోనే లోపలికి వెళ్ళనిచ్చారు. ఒకతను సలాము కొట్టినట్టు చెయ్యెత్తాడు.

ఆమె నడిచింది. నెమ్మదిగా నడిచింది. ప్రతి కొట్టు ముందూ ఆగి వీపు జనం వైపు తిప్పి నిలబడింది. మొదట ఒకావిడ పిలిచి ఆమె చేతిలో తిని పారేసిన పేపరు ప్లేటు పెట్టింది. దానమ్మ దాన్ని చూసింది. ఆవిణ్ణి చూసింది. తరవాత ఇంకొకరు. నీళ్ళ సీసా, ఐస్‌క్రీం పుల్లలు, తడిసిన కాగితాలు. ఒక తండ్రి తన పిల్లాడికి ఆమెని చూపించి ఏదో చెప్పి, వాడి చేతిలో తొక్క ఆమె తట్టలో వేయించాడు. మంచి అలవాటు నేర్పిస్తున్నాడు. అతని తప్పేముంది?

సూరిబాబు స్టేజి మీద నుంచి దిగి ఆమె వీపు వైపుకి వెళ్ళడం చూశాను. చదివాడు. నవ్వాడు. ఆమెతో ఏదో అన్నాడు. దానమ్మ అతని మొహంలోకి అలాగే చూసింది.

సాయంత్రం వెలుగుండగానే బడికి వచ్చింది. తట్ట దింపింది. నిండా చెత్త.

"అందరూ సదివేరు పంతులమ్మా," అంది. "సదివీసి నా సేతిలో ఎంగిలి పల్లేలెట్టేరు."

నేను తట్టని అరుగు చివరికి జరిపాను.

"సూరిబాబూ సదివేడు. దగ్గిరికొచ్చి మరీ సదివేడు. నవ్వి, బాగుందమ్మా అన్నాడు."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికి అంతకన్నా మంచి నిమిషం ఇంకోటి లేదు. చెప్తే ఏమయ్యేది? తిట్టేది. కొట్టేదేమో. మర్నాడు ఇంకెవరి చేతనైనా రాయించుకునేది. పండగ ఇంకో రోజు ఉంది. ఇవన్నీ ఆ నిమిషంలోనే నాకు తెలుసు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగింది. చొక్కా విప్పి ఉండచుట్టి, ఒడ్డుకి వెళ్ళి సముద్రంలో విసిరేసింది. అరుగు మీద నుంచి కనిపించింది. తెల్లగా కాసేపు తేలింది.

పది రోజులు తిరక్కుండా దానమ్మ కులపెద్దల్ని పిలిచి కర్మకి ఒప్పుకుంది. గడ్డితో మనిషి బొమ్మ కట్టి దానికి నిప్పు పెట్టారు. ఒడ్డున గాజులు పగలగొట్టారు. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆమె ఇలా అంది.

"ఊరూరూ సదివీసి ఒక్కడూ నన్ను ఏటమ్మా ఇదని అడగనేదంటే, అందరికీ తెలిసే ఉంటాది గదా. ఆడు బతికి నేడు. నాకొక్కదానికే సెప్పనేదు."

ఆమె లెక్కలో తప్పులేదు. నేను ఇచ్చిన దాంతో చూస్తే ఎవరైనా అక్కడికే వస్తారు.

ఎందుకు చేశాను? మీరూ ఇదే అడుగుతారు. నేను ఒక్కో ఏడు ఒక్కో జవాబు చెప్పుకున్నాను. మొదట, ఆమెని కాపాడాననుకున్నాను. ఆ రాతతో గేటు దాటనివ్వరు, చొక్కా విప్పిస్తారు, ఆడమనిషి పరువు పోతుంది. ఇది కొన్నాళ్ళు నిలబడింది. తరవాత, నా కోసమే చేశానని ఒప్పుకున్నాను. నా చేతిరాత ఊరంతటికీ తెలుసు. ఆ రాసింది ఎవరో సూరిబాబుకి వెంటనే తెలిసిపోయేది. పిల్లల పులిహోర దగ్గర్నుంచి బడి కప్పు దాకా అతని చేతిలో ఉన్నాయి. ఇది నిజమే. భయపడ్డాను. భయపడ్డానని ఒప్పుకుంటే మనసు కొంచెం తేలికవుతుంది కూడా, భయం అందరికీ ఉండేదే కదా. బహుశా అందుకే అక్కడ ఆగకూడదనిపించింది.

ఇంకా కిందికి వెళ్ళి చూస్తే ఇంకోటి ఉంది. అది చెప్పడం కష్టం. ఆమె చెప్పిన మూడు వరసలు నాకు నచ్చలేదు. పేరు పెట్టి అడగడం, వీపుకి తగిలించుకుని జనంలో తిరగడం మోటుగా అనిపించింది. నా భర్త పోయినప్పుడు నేను గట్టిగా ఏడవలేదు. నలుగురూ మెచ్చుకున్నారు. చదువుకున్న మనిషి, ఎంత నిబ్బరమో అన్నారు. నేను చదివే పుస్తకాల్లో కూడా చప్పుడు చెయ్యని దుఃఖమే నాకు ఇష్టం. అంటే నేను ఆమె మాటని ఒక పాఠకురాలిలా చూశాను. బాగాలేదనుకున్నాను. దిద్దాను. పిల్లల పలకలు దిద్దినట్టు దిద్దాను. నా దుఃఖానికి శవం ఉంది, ఆసుపత్రి ఉంది, పట్టుకున్న చెయ్యి ఉంది. అలాంటి దుఃఖం మెదలకుండా కూర్చోగలదు. ఆమెది కూర్చోలేదు, దానికి జవాబు కావాలి. ఈ తేడా అప్పుడు నాకు తెలియలేదా? తెలియలేదనే అనుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

పిల్లలున్న చోట పెద్దవాళ్ళ కష్టాలు చూపించకూడదని కమిటీ అంది. నేనూ తలూపాను. కానీ ఆ ముప్పైమంది పిల్లల్లో నలుగురి తండ్రులు ఆ ఏడు గుజరాత్ పడవల మీద ఉన్నారు. వాళ్ళు చదవకూడని మాటా అది?

రెండేళ్ళ తరవాత దానమ్మ పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చదువు నేర్చుకుంటానంది. ఎందుకిప్పుడు అంటే, "గుంట ఉత్తరం రాస్తే ఇంకోరిసేత సదివించుకోవాలేటి?" అంది. గౌరి ఉత్తరాలు రాసేది కాదు, ఫోను చేసేది. ఆ మాట నేను అనలేదు. నేర్పాను. అ ఆలు, గుణింతాలు. చేపలు అమ్ముకుని వచ్చి సాయంత్రాలు దిద్దేది. చేతికి ఉప్పునీటి పగుళ్ళు, బలపం గట్టిగా నొక్కేది.

ఒకరోజు, "ఆ రోజు సొక్కా మీద రాసినావు సూడు, అది ఇక్కడ రాయి, దిద్దుకుంటాను," అంది.

పలక తీసుకుని ఆమె చెప్పిన మూడు వరసలూ రాశాను. రెండేళ్ళు ఆలస్యంగా రాశాను. ఆమె పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఒక్కో వరసా తడిమింది.

"ఆ రోజు రెండు వరసలే ఉన్నాయి పంతులమ్మా."

"చొక్కా మీద చోటు చాల్లేదు. దగ్గరగా రాశాను," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. పలక వైపే చూస్తూ, "ఓహో," అంది. దిద్దడం మొదలుపెట్టింది.

ఆమెకి తెలిసిందా? ఈ ఒక్కటి తెలుసుకోవడానికి నేను ఏమైనా ఇస్తాను. తెలిసే వచ్చిందా చదువు నేర్చుకోవడానికి? మా ఊళ్ళో ఆ రోజు ఆమె వీపు చదివినవాళ్ళు, పండగలో తుడిచే పనికి కుదిరిందనుకున్నారు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనే ఉంటారు. లేకపోతే నిజంగానే చోటు చాల్లేదని నమ్మిందా? ఆ తరవాత కూడా ఆమె మా ఇంటికి చేపలు తెచ్చింది. నాకు ఇష్టమని సందువా చేప తల విడిగా తీసి పెట్టేది. ఏ మార్పూ లేదు. మార్పు లేకపోవడాన్ని నేను ఎలా చదవాలో ఇప్పటికీ తెలియదు.

ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు అది కొత్త జబ్బు కాదు. చివరి ఏడాది వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్ళేవారు. కొన్నిసార్లు నేనూ బస్సులో వెంట వెళ్ళాను. దారి పొడుగునా గోడల మీద రాతలన్నీ కూడబలుక్కుని చదివేది. ఆ ప్రయాణాల్లో ఎన్నిసార్లు నోరు తెరిచానో, ఎన్నిసార్లు ఎండ గురించి మాట్లాడి మూశానో.

దానమ్మ పోయిన పదకొండో రోజు గౌరి నా చెయ్యి పట్టుకుని, "ఊళ్ళో ఎవలూ రాయని మాట మా పంతులమ్మ రాసిందని అమ్మ సెప్పీది," అంది. గౌరికి ఇప్పుడు ఇరవయ్యేళ్ళు. కొత్తవలసలో మందుల షాపులో పనిచేస్తోంది. నేను తలూపాను. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఆ మర్నాడు సూరిబాబు ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో వెళ్ళేదాకా నాకు తెలియదు. అతను ముసలివాడైపోయాడు. షుగరు, పాదానికి కట్టు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మంచీ చెడ్డా అయ్యాక, ఎనిమిదేళ్ళ కిందట రాయాల్సింది నోటితో అడిగాను. ఏడుగురు వెళ్ళారు, ఆరుగురు వచ్చారు, ఎర్రయ్య ఏడి సూరిబాబూ?

అతనికి కోపం రాలేదు. చాలాసేపు కట్టు సర్దుకున్నాడు.

"దానమ్మ నన్ను నలుగురిలో ఎప్పుడూ అడగనేదు పంతులమ్మగారూ. ఇంటికొచ్చి ఏడిసేది. ఇంటికొస్తే ఆ మాటా ఈ మాటా సెప్పి పంపీసేవోణ్ణి. ఆ బీచి పండగనాడు మాత్రం అడిగీస్తాదనుకున్నాను. మీ అరుగు మీద సొక్కాకి ఏటో రాయిస్తన్నాదని నాకెవుడో సెప్పేడు. గబగబా స్టేజి దిగినాను. ఎల్లి సదివితే ఏటున్నాది? శుభ్రం."

"చదివి నవ్వావు."

"నవ్వు కాదమ్మా అది. ఊపిరొచ్చింది."

"నిజంగా అడిగి ఉంటే?"

"సెప్పీసేవోణ్ణి. అంతమందిలో ఇంకేటి సేస్తాను?" అన్నాడు. మళ్ళీ తనే, "ఏమో. ఇప్పుడు అనడానికేటి. సెప్పీవోణ్ణో నేదో," అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. చెప్పేవాణ్ణి కాదు అని ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

"ఇప్పుడు చెప్పు మరి," అన్నాను.

అతను గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. "సెప్తాను. ఇంకెన్నాళ్ళుంటాను గనక. మీకు సెప్పనా, గౌరికి సెప్పనా?"

నాకు వినాలనిపించింది. ఎంతగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆ మనిషి ఏమయ్యాడో అన్నది నాలోనూ తిరుగుతూనే ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, చెప్పు, నేను గౌరికి చెప్తానులే అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ మాట కూడా నా చేతుల మీదుగానే గౌరికి వెళ్ళాలా? వెళ్తే ఏ రూపంలో వెళ్తుంది? లేచాను.

"గౌరికే చెప్పు. తీసుకొస్తాను," అన్నాను.

"తొందరగా తీసుకురండి," అన్నాడు.

గౌరిని తీసుకురావాలంటే ఎందుకో చెప్పాలి. తన తండ్రి సంగతి చెప్పడానికి సూరిబాబు సిద్ధంగా ఉన్నాడంటే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. అమ్మ అడిగింది కదా, చొక్కా మీద రాసుకుని ఊరంతా తిరిగింది కదా, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతుంది. అక్కడ నేను ఉన్నాను. నన్ను దాటి ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళే దారి లేదు.

రేపు పొద్దున్న నౌపడలో పాసింజరు ఎక్కి కొత్తవలస వెళ్తున్నాను. గౌరి ఏమంటుందో తెలియదు. నా మొహం చూడనంటుందేమో. చూడకపోయినా సరే, సూరిబాబు దగ్గరికి మాత్రం ఒక్కర్తే అయినా వెళ్ళమని చెప్తాను. క్షమించమని అడగను. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో పని పెట్టినట్టు అవుతుంది.

మొదట ఏమనాలో మాత్రం ఇన్ని రోజులూ తేలలేదు. ఇదంతా మీకు రాసింది అందుకే కావచ్చు. ఇందాక కలం కింద పెట్టి, గదిలో ఒక్కదాన్నే పైకి అని చూశాను. మీ అమ్మ రాయమన్నది నేను రాయలేదు గౌరీ. మధ్యలో ఆగిపోతాననుకున్నాను. ఆగలేదు. చివరిదాకా అనగలిగాను.